గంటసేపు పేషెంటు

మాట్లాడకూడదు. నియమం నేను పెట్టిందే కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఈ గంటసేపూ నేను పక్షవాతం వచ్చిన మనిషిని. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది, ఎదుటివాళ్ళు అనేదంతా అర్థమవుతుంది. పేరు మాత్రం నాదే ఉంచుకున్నాను. రోజూ బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పే అమలమ్మ మేడమ్ ఇవాళ ప్రాక్టికల్ గదిలో పాత నూలుచీర కట్టుకుని మంచం మీద పడుకుంది. మామూలుగా ఈ మంచం మీద ఉండే రబ్బరు బొమ్మని పొద్దున్నే పక్కగదిలోకి నెట్టించేశాను. బొమ్మకి నొప్పి ఉండదు, సిగ్గు ఉండదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, దాని మీద నేర్చుకున్నవాళ్ళు మనిషిని కూడా అలాగే తిప్పుతారు. మంచం చుట్టూ ఉన్నవాళ్ళని పిల్లలనే అంటాను గానీ వాళ్ళు పిల్లలేం కాదు. ఐసీయూల్లో, ఆపరేషన్ థియేటర్లలో ఏళ్ళతరబడి చేసి, పెద్దవయసు వాళ్ళని చూసుకోవడంలో ఏడాది ప్రత్యేక శిక్షణకని వచ్చిన నర్సులు. మా కాలేజీలో ఇదే మొదటి బ్యాచ్, ఇదే వాళ్ళ ఆఖరి ప్రాక్టికల్. నన్ను ఒక గంటసేపు చూసుకోవాలి, ఆ తర్వాత నాలో ఏం గమనించారో నాకే చెప్పాలి. పైన ఫ్యాను తిరుగుతోంది, తిరిగినప్పుడల్లా ఒకచోట చిన్నగా కీచుమంటోంది, ఏడాదిగా ఇదే గదిలో గొంతు చించుకుంటున్నా ఈ చప్పుడు నా చెవిన పడలేదు. మంచం మీద ఉన్నవాళ్ళు వినేవి వేరు.

ఎడమవైపు తిప్పుతున్నారు. రుచిత భుజం దగ్గర, యేసుకుమార్ నడుం దగ్గర. రుచిత చేతులు చల్లగా ఉన్నాయి, ముందు రెండు అరచేతులూ రుద్దుకోమని ఎన్నిసార్లు చెప్పానో, ఇప్పుడు చెప్పడానికి వీల్లేదు, మాట లేదు కదా. "నువ్వు లాగకు, నేను తోస్తా" అంటున్నాడు యేసుకుమార్. "వీపు చూడు, ఎర్రగా ఏమన్నా ఉందా?" "లేదు. నిన్న సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర ఎంతసేపు ఆపేశారో తెలుసా, ఇంటికెళ్ళేసరికి మావాడు నిద్రపోయాడు." నా వీపు మీదుగా ఒకరి ఇంటి సంగతి ఒకరికి చెప్పుకుంటున్నారు. అరగంట క్రితం మేడమ్ మేడమ్ అన్నవాళ్ళే. పడుకుని నోరు మూసుకోగానే వీళ్ళకి నేను వీపునయ్యాను, నడుమునయ్యాను, అది వీళ్ళ తప్పు కూడా కాదు, పడుకుని ఉన్న మనిషి పైన మాట్లాడుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. సుబ్బరత్నంగారి మంచం మీదుగా కూడా అలాగే మాట్లాడుకునేవాళ్ళు.

ఆవిడది ఉయ్యూరు దగ్గర. చెరుకు, మినుము పండించిన ఇల్లు, నోరున్న మనిషని కోడళ్ళే చెప్పారు. మాట పడిపోయి వార్డుకొచ్చింది. నేనప్పటికి వార్డు సిస్టర్ని. ముద్ద పెట్టబోతే ఎడమచేత్తో నెట్టేసేది, చెంచా ఎగిరి గోడకి తగిలేది, మొండి ముసలమ్మ అని పేరు పడిపోయింది. ముక్కులోంచి గొట్టం వెయ్యాలని రాశారు కూడా. ఒకరోజు ఆవిడ చెంచాని తోసిన తోపులో ఏదో తేడా కనిపించింది నాకు, తోసెయ్యడం కాదు, లాక్కోవడం. చెంచా ఆవిడ చేతిలో పెట్టాను. సగం పెరుగన్నం చీర మీద పోసుకుంది, సగం తింది, తింటున్నంతసేపూ నా వంక చూళ్ళేదు. మనిషికి తన ముద్ద తను పెట్టుకోవాలని ఉంటుంది, అంతకంటే అందులో రహస్యమేం లేదు. నేనేదో కనిపెట్టానని కూడా కాదు, ఆ రోజు వార్డులో పని తక్కువ, నిలబడి చూసే తీరిక దొరికింది. ఈ కోర్సు పెడదామని అడిగినప్పుడు మా ట్రస్టు పెద్ద వెంకటకృష్ణారావుగారు కుర్చీలో వెనక్కి వాలి, "ముసలాళ్ళని చూసుకోడానికి ట్రైనింగెందుకమ్మా, మన ఇళ్ళల్లో చూసుకోవట్లా?" అన్నారు. చూసుకుంటున్నామండీ, చెంచా లాక్కుని మరీ చూసుకుంటున్నాం అనబోయి, సుబ్బరత్నంగారి సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. వాళ్ళమ్మగారు ఆఖరి రోజుల్లో అలాగే చెయ్యి విదిలించేదట. సరే, ఒక్క బ్యాచ్ చూద్దాం అన్నారు.

ఆ ఒక్క బ్యాచ్ అయిపోవచ్చింది. ఇవాళ గంట చివర్లో ఆయన వచ్చి వెనక కూర్చుంటానన్నారు. రెండో బ్యాచ్ పెట్టాలా వద్దా, నేను రిటైరయ్యాక కూడా దాన్ని నడపడానికి ఉంటానా, ఈ రెండూ ఇవాళ తేలాలి. ఉండాలని ఉంది నాకు. ఇంత పని నేర్పి, నేర్పడం ఎలాగో ఇప్పుడిప్పుడే తెలిసి, సంచీ భుజానేసుకుని ఇంటికి పోవాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. మొదట్లో ఏదీ సరిగ్గా కుదర్లేదు. స్లైడ్లు వేస్తే రాసుకునేవాళ్ళు, పరీక్ష పెడితే మార్కులు తెచ్చుకునేవాళ్ళు, వార్డుకెళితే మళ్ళీ మామూలే. అప్పుడు ఒకరోజు అందరి మోకాళ్ళకీ క్రేప్ బ్యాండేజీ బిగించి, చెప్పుల్లో శనగలు పోసి, కళ్ళజోళ్ళకి వేజిలిన్ పూసి, చెవుల్లో దూది కుక్కి, సిటీ బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళి ఒక పిన్నీసుల ప్యాకెట్ కొనుక్కు రమ్మన్నాను. నవ్వుకుంటూ వెళ్ళారు. తిరిగొచ్చాక ఎవరూ నవ్వలేదు. యేసుకుమార్ కండలు తిరిగిన మనిషి, పొద్దున్నే బ్యారేజీ మీద పరిగెత్తి వస్తాడు. "బస్సు మెట్టు అంత ఎత్తుంటుందని ఇన్నాళ్ళూ తెలీదండీ మేడమ్" అని నేల మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచి నా పని తేలికైంది.

రుచిత తల దువ్వుతోంది. జుట్టు విప్పి పాయలు తీస్తోంది, చిక్కు ఉన్నచోట కుదుళ్ళు పట్టుకుని దువ్వుతోంది, బాగుంది, మా అమ్మ దువ్వినట్టుంది. కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని "వాసన బాగుంది కదండీ, మా అత్తగారు ఇంట్లో కాచారు, కరివేపాకేసి" అంది. ఈసారి నాతోనే అంది, పైన ఎవరితోనో కాదు, మంచి పిల్ల. నేను నవ్వాను, సగం మూతితో. వాసన రాలేదు. నూనె తల మీద పడింది, చల్లదనం కణతల దాకా వచ్చింది, వాసన మాత్రం లేదు. మొన్న పాలు మాడినప్పుడూ అంతే. మా ఆయన జాన్ పాల్ వీధరుగు మీద పేపరు చదువుకుంటున్నవాడు లోపలికి పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, "వీధిలోకి కొడుతోంది కంపు, పక్కనే నిలబడి ఏం చేస్తున్నావు?" అన్నాడు. జలుబన్నాను. ఎండాకాలంలో జలుబేమిటని ఆయన అడగలేదు. రైల్వేలో గార్డుగా చేసినాయన, అనవసరంగా మాట్లాడడు, కానీ మర్నాడు పచారీ సామాన్ల చీటీ చదువుతూ కళ్ళజోడు పైకెత్తి, "ఇదేం రాత, చీమలు బారు కట్టినట్టు" అన్నాడు. నిజమే. మొదటి మాట మామూలుగా మొదలై, పోనుపోనూ చిన్నదైపోయి, చివరి మాటకి వచ్చేసరికి చుక్కలే. బోర్డు మీద కూడా ఈమధ్య వెనక బెంచీవాళ్ళు ముందుకొచ్చి రాసుకుంటున్నారు.

జలుబు, కళ్ళజోడు మార్చాలి, భుజం పట్టేసింది. ఇలా ఒక్కొక్కదానికీ ఒక్కో కారణం విడిగా పెట్టుకున్నాను, కలిపి చూడలేదు. ఎడమ భుజం వానాకాలం నుంచీ పట్టేసింది, ఈ వయసులో షుగరున్న ఆడవాళ్ళకి మామూలే, వేడినీళ్ళ కాపడం, తైలం, గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం. తగ్గలేదు. గుణదల గుళ్ళో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఎడమచేతి బొటనవేలు దానంతటదే ఆడటం చూశాను, చూపుడువేలికి రాసుకుంటూ, జపమాల తిప్పుతున్నట్టు, చేతిలో మాల లేదు. కుడిచేత్తో దాన్ని మూసి పట్టుకున్నాను. చూసేవాళ్ళకి దణ్ణం పెడుతున్నట్టే ఉంటుంది. ఆ నెలలోనే వణుకుడు జబ్బు గురించి పాఠం చెప్పాల్సి వచ్చింది. వాసన పోవడం, రాత చిన్నదవడం, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగకపోవడం, భుజం నొప్పి అని ఏళ్ళతరబడి తైలం రాసుకుంటూ తిరగడం, వణుకు కంటే ముందే ఇవన్నీ రావచ్చునని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఎడమచెయ్యి కోటు జేబులో ఉంది. తెలియదా నాకు? తెలుసు. తెలిసిందని ఒప్పుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఎవరో నా చెయ్యి పట్టుకుని వంచి చూసి పేరు పెడతారు, పేరు పెట్టాక అది నాదవుతుంది. తెలియనివాళ్ళకి భయం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. నాకు సిలబస్ ప్రకారం వస్తోంది. ముందు బొత్తాములు, తర్వాత చెంచా, తర్వాత పక్క మీద అటు నుంచి ఇటు దొర్లడం, తర్వాత మింగడం.

ఇప్పుడా చెయ్యి దుప్పటి కింద, నడుం పక్కన నొక్కిపెట్టి ఉంది. పడుకున్నప్పుడే బొటనవేలు ఎక్కువ ఆడుతుంది.

శ్రీదుర్గ వచ్చింది. చేతులు తుడుచుకుని, అరచేతులు రుద్దుకుని, నా కళ్ళెదురుగా వంగి, "అమలమ్మగారూ, నేను శ్రీదుర్గనండీ. చేతులూ కాళ్ళూ పట్టెయ్యకుండా కాసేపు కదుపుతాను. నొప్పైతే కళ్ళు గట్టిగా మూయండి, ఆపేస్తాను" అంది. అమలమ్మగారూ అని పిలిచిన మొదటి మనిషి ఈ గంటలో. శ్రీదుర్గది మొవ్వ దగ్గర పల్లె, పెద్ద ఐసీయూలో చేసి వచ్చింది, చాలా చురుకు, అదే దాని ఇబ్బంది కూడా. వచ్చిన కొత్తలో దాని చేతులు పరుగులు పెట్టేవి, నరం దొరకబుచ్చుకోవడం, గుడ్డ మార్చడం, పక్క సర్దడం అన్నీ క్షణాల్లో అయిపోయేవి. పేషెంట్లు దాని వంక బెదురుగా చూసేవాళ్ళు. ఒక ముసలాయన దాని చెయ్యి తగలగానే ఒళ్ళంతా ముడుచుకునేవాడు. ముట్టుకున్నాక ఆగు అని చెప్పాను. చెయ్యి వేశాక వెంటనే పని మొదలెట్టకు, వాళ్ళ ఒళ్ళు నీ చేతికి అలవాటుపడేదాకా ఊరికే ఉండు. దానికి అది చేతకాలేదు. "నాకు తెలిసిన పనంతా మర్చిపొమ్మంటున్నారు మీరు, నేను వెళ్ళిపోతానండీ మేడమ్" అని సంచీ సర్దుకుని ఒకరోజు నా గదికి వచ్చింది. వెళ్ళమనలేదు, ఉండమని బతిమాలలేదు, వార్డులో ఆ ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోమన్నాను, అంతే, ఏ పనీ లేకుండా. కూర్చుంది. మొదట కాలు ఆడిస్తూ కూర్చుంది. సాయంత్రం అటుగా వెళితే ఇద్దరూ మినుము చేలకి తెగులు గురించి మాట్లాడుకుంటున్నారు.

ముందు కుడిచెయ్యి తీసుకుంది. ఆగింది. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు, ఒక్కొక్కటీ మెల్లగా వంచి చాపుతోంది. నేను ఆ చేతిని పూర్తిగా వదిలేశాను, పడిపోయిన చెయ్యి కదా, బరువంతా దాని చేతిలో పెట్టాను. హాయిగానే ఉంది. కిటికీ అవతల ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్నారు, అందుకోవడం లేదు, మళ్ళీ, మళ్ళీ. కుడిచెయ్యి దిండు మీద సర్ది, దుప్పటి ఎత్తి ఎడమచెయ్యి బయటికి తీసింది. ఇది తీస్తుందని నాకు తెలుసు. బాగున్న చేతిని కూడా కదపాలని నేర్పింది నేనే. దుప్పటి ఎత్తేదాకా ఆ సంగతి నేనెందుకు ఆలోచించలేదు? వదిలెయ్యాలి, ఇందాక కుడిచేతిని వదిలేసినట్టు దీన్నీ వదిలెయ్యాలి అనుకున్నాను. వదిలేశాననే అనుకున్నాను. మోచెయ్యి వంచింది. అది సాఫీగా రాలేదు. వచ్చి ఆగి, వచ్చి ఆగి, మెట్లు మెట్లుగా వచ్చింది. మా నాన్న అబ్రహాము బందరు కాలవ లాకుల దగ్గర లస్కరు. నీళ్ళు వదలడానికి లాకు తలుపు ఎత్తేటప్పుడు పళ్ళచక్రం తిప్పేవాడు, పంటి పంటికీ ఆగి, టక్కుమని, మళ్ళీ కదిలేది. గట్టు మీద కూర్చుని ఆ చప్పుడు వినేదాన్ని. ఇప్పుడది నా మోచేతిలో ఉంది, బయటికి చప్పుడు లేదు, పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

శ్రీదుర్గ ఆగింది. ఇందాక ఆగిన ఆగడం కాదు. మళ్ళీ చాపింది, మళ్ళీ వంచింది, అంతకంటే మెల్లగా. మణికట్టు పట్టుకుని తిప్పింది. నేను ఫ్యాను వంక చూస్తున్నాను. పైనుంచి తన ఊపిరి వినిపిస్తోంది. చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది, ఏ పనీ చెయ్యకుండా, నేను నేర్పినట్టే. ఇక బొటనవేలు ఆడటం మొదలెట్టింది. దాచుకోవడానికి రెండో చెయ్యి లేదు, అది పడిపోయింది. శ్రీదుర్గ కాసేపు చూసి, మిగతావాళ్ళకి వినపడకుండా చెవి దగ్గరికి వంగి, "మేడమ్, ఒక్కసారి కుడిచెయ్యి గుప్పెట మూసి తెరుస్తారా" అంది.

అది కూడా నా పాఠమే. ఒక చేత్తో గుప్పెట మూసి తెరుస్తుంటే రెండో చేతిలో దాగి ఉన్న బిగువు బయటపడుతుంది. అనుమానం వచ్చినప్పుడు అలా చూడండని చెప్పాను. కానీ నా కుడిచెయ్యి పడిపోయింది. నియమం ప్రకారం అది కదలదు, శ్రీదుర్గ మేడమ్ అని పిలిచి ఆట దాటి అడిగింది, ఆట దాటి జవాబివ్వాల్సిన పని నాకు లేదు. గుప్పెట మూయడం ఎంతసేపు? జవాబు వేళ్ళకి అందేంత దూరంలో ఉంది. మూయలేదు. ఫ్యాను కీచుమంటోంది, ఆటో ఎట్టకేలకు అందుకుని వెళ్ళిపోయింది, శ్రీదుర్గ ఎదురుచూస్తోంది, నేను మాట పోయిన మనిషి మొహం పెట్టుకుని పడుకున్నాను. ఈ గంటలో నేను బాగా నటించింది అప్పుడే. చివరికి తను తల ఊపింది, సరేనన్నట్టు. నా చేతి కింద చిన్న దిండు పెట్టి, దుప్పటి కప్పి, బొటనవేలి దగ్గర ఇంకొంచెం పైకి లాగి కప్పింది, ఎవరికీ కనపడకుండా. ఆ లాగడం చూసి నాకు ఏడుపొచ్చింది. దాచుకున్నది నేను. ఇప్పుడు దాచే పని దానికి కూడా అంటించాను.

రాగిజావ వచ్చింది. నన్ను లేపి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. యేసుకుమార్ నిలబడే చెంచా అందించబోయి, గుర్తొచ్చి, స్టూలు లాక్కుని నా కళ్ళ ఎత్తుకి కూర్చున్నాడు. "జావండీ అమలమ్మగారూ, వేడి తగ్గింది" అన్నాడు, శ్రీదుర్గని విని నేర్చుకున్నట్టున్నాడు. గడ్డం కొద్దిగా కిందికి వంచించాడు, ఒక చెంచా, మింగేదాకా ఆగాడు. అన్నీ సరిగ్గానే చేస్తున్నాడు. నాకే గొంతు దిగడం లేదు. వీళ్ళని ఎంత బాగా తయారుచేశానా అని చూసుకుని మురిసిపోవాల్సిన గంట ఇది. నా బుర్రలో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. శ్రీదుర్గ చెప్పదు. చెప్పదని దుప్పటి లాగినప్పుడే తెలిసిపోయింది. వెంకటకృష్ణారావుగారు వస్తారు, అన్నీ బాగున్నాయంటారు, రెండో బ్యాచ్ అంటారు, నేను ఇంకో రెండేళ్ళు జేబులో చెయ్యి పెట్టుకుని పాఠం చెప్పుకోవచ్చు. రెండేళ్ళు ఆగుతుందా అది? మందు వేసుకుంటే కొంత నయంగా ఉంటుందని నేనే చెప్పాను, తొందరగా చూపించుకున్నవాళ్ళు చాలాకాలం తమ పని తాము చేసుకుంటారని కూడా చెప్పాను, స్లైడ్ మీద పెద్దక్షరాల్లో ఉంది. ఇంకో చెంచా వచ్చింది. నోరు తెరిచాను. మా ఆయన ఇలా కూర్చుని పెట్టగలడా? నేర్పాలి. ఆయనకి ఆగడం వచ్చు, సిగ్నల్ పడేదాకా బండి ఆపుకుని కూర్చున్నవాడు. మిగతాది నేర్పుకోవచ్చు. ఇంత మామూలుగా ఆ ఆలోచన రావడం నాకే వింతగా అనిపించింది.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడు, వెంకటకృష్ణారావుగారు. "ఎలా ఉన్నారర్రా మీ పేషెంటు?" అంటూ వెనక కుర్చీలో కూర్చున్నారు. గంట అయింది. నేను దిండ్ల మీద నుంచి లేచి మంచం అంచున కూర్చుని కాళ్ళు కిందికి దించాను. గదిలో అందరూ మళ్ళీ నన్ను మేడమ్‌లా చూడటం మొదలెట్టారు, అంత తొందరగా. ఒక్కొక్కరూ చెప్పారు. రుచిత జుట్టు గురించి, వీపు గురించి చెప్పింది. నా వీపు మీదుగా ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నామని తనే ఒప్పుకుంది. యేసుకుమార్ జావ సగంలో నేను మింగడానికి ఎక్కువసేపు తీసుకున్నానని, నటనో నిజమో తెలియలేదని చెప్పాడు. శ్రీదుర్గ వంతు వచ్చింది. కుడికాలి మడమ కొంచెం ఎర్రగా ఉందంది, కుడిచెయ్యి కీళ్ళు తేలిగ్గా కదిలాయంది, అని ఆగింది.

"ఎడమచెయ్యి?" అన్నాను. ఎందుకడిగానో తెలియదు. నోటికి అలవాటై ఉంటుంది. ఎవరు ఏ పక్క వదిలేసినా అడుగుతాను.

"బాగానే ఉందండీ."

నా క్లాసులో ఆ మాట చెల్లదు. బాగానే ఉందంటే చూడలేదని అర్థం అని మొదటి వారమే చెప్పాను, ఆ మాట వాడినవాళ్ళని మళ్ళీ వార్డుకి పంపి చూసి రమ్మనేదాన్ని. శ్రీదుర్గకి అది తెలుసు. నన్ను సూటిగా చూస్తోంది, వెనక ఆయన కూర్చున్నారు, అడక్కండి అంటున్నాయి దాని కళ్ళు. సరేనని తర్వాతి వాళ్ళని పిలిస్తే అయిపోతుంది. కానీ రేపు ఎవరి మంచం దగ్గరో దీనికి ఒకటి కనిపిస్తుంది, చెబితే ఎవరికో ఇబ్బందని ఊరుకుంటుంది, అలా ఊరుకోవచ్చని అమలమ్మ మేడమ్ దగ్గర నేర్చుకున్నదవుతుంది. ఏడాది చెప్పిందంతా ఈ ఒక్క మాటతో పోతుంది. అంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదేమో.

"శ్రీదుర్గా, బాగానే ఉందంటే నేను ఒప్పుకోనని తెలుసు కదా. ఏం చూశావో అది చెప్పు."

"తర్వాత చెప్తానండీ మేడమ్."

"ఇప్పుడు చెప్పమ్మా."

తను ఒకసారి నేల వంక చూసి, తలెత్తి, వార్డులో కేసు చెప్పే గొంతుతో చెప్పింది. "మోచెయ్యి వంచుతుంటే ఆగి ఆగి వస్తోందండీ, మణికట్టు కూడా అంతే. ఊరికే ఉంచినప్పుడు బొటనవేలు వణుకుతోంది. రెండో చెయ్యి గుప్పెట మూయమన్నాను, మూయలేదు, అందుకని గట్టిగా చెప్పలేను. నరాల డాక్టరుగారికి చూపించాలండీ."

రుచిత నవ్వబోయి ఆగి, "అది యాక్టింగ్ కదా మేడమ్?" అంది.

"కాదమ్మా" అన్నాను.

 నేను ఎడమచెయ్యి ముందుకు చాపాను. శ్రీదుర్గని పట్టుకోమని, కుడిచెయ్యి గుప్పెట మూసి తెరిచాను, మూసి తెరిచాను. తన మొహంలో తెలిసిపోయింది, ఇప్పుడు గట్టిగా చెప్పగలదు. ఒక్కొక్కరినీ రమ్మన్నాను. ఇలాంటి చెయ్యి మొదట్లోనే దొరకడం అరుదు, బాగా ముదిరాక అందరూ గుర్తుపడతారు, మీరు ఇప్పుడే గుర్తుపట్టాలి, పట్టుకుని చూడండి అన్నాను. గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్పే గొంతు, అది ఉన్నంతసేపూ నేను నిలబడగలను. వచ్చారు, పట్టుకున్నారు. రుచిత చేతులు రుద్దుకుని మరీ వచ్చింది, పట్టుకుని వదల్లేదు. యేసుకుమార్ మొహం పక్కకి తిప్పుకున్నాడు, "మొహం తిప్పుకోకు నాయనా, చేతిని చూడు" అన్నాను. దాచిపెట్టి తైలం రాసుకుంటూ తిరిగినన్ని నెలల్లో రాని తేలిక అన్ని చేతుల మధ్య వచ్చింది. భయం పోయిందని కాదు, ఉంది. ఇంతమందికి తెలిశాక అది గదిలో ఒక పక్కన కూర్చుంది.

వెంకటకృష్ణారావుగారు లేచి మంచం దాకా వచ్చి నిలబడ్డారు. ఆయన చెయ్యి పట్టుకోలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందు చూపించుకోండమ్మా. బ్యాచ్ సంగతి ఆ తర్వాత మాట్లాడదాం" అన్నారు. మాట్లాడదాం అంటే పెడతాననా, మానేస్తాననా, నన్ను ఉంచుతాననా, ఆయన గొంతులో నాకేమీ దొరకలేదు, ఆయనకే ఇంకా తెలిసి ఉండదు. తలుపు దగ్గర ఆగి శ్రీదుర్గని పేరడిగి వెళ్ళారు. నా బదులు ఇంకెవరన్నా అని చూసుకుంటున్నారేమో, అదైనా మంచిదే, ఎవరో ఒకరు చెప్పాలి కదా అనుకున్నాను. ఆ అనుకోవడంలో చిన్న మంట కూడా ఉంది, లేదనను.

హాస్పిటల్ రోడ్డుకి అవతల. శ్రీదుర్గ వస్తానంది, వద్దనలేదు. చీర మార్చుకోవడానికి కూడా ఆగలేదు, ఆగితే మళ్ళీ ఏదో ఒక కారణం దొరుకుతుంది నాకు. ఎండ మండిపోతోంది, ఆటోలు, బస్సు, కొబ్బరిబోండాల బండి, రోడ్డు దాటేటప్పుడు తను నా ఎడమవైపుకి వచ్చి, పట్టుకోకుండా, పట్టుకునేంత దగ్గరగా నడిచింది. నరాల డాక్టరుగారి గది ముందు బెంచీలన్నీ నిండి ఉన్నాయి. నాకంటే పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు, ఒకాయన టోపీ మోకాలి మీద పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కౌంటర్లో కొత్తమ్మాయి, నన్నెరగదు. నలిగిన నూలుచీర, నూనె పెట్టిన జడ, పక్కన యూనిఫాంలో నర్సు, ఆ అమ్మాయికి కనిపించింది అదే. కంప్యూటర్లోంచి తలెత్తి నా మీదుగా శ్రీదుర్గ వంక చూసి, "ఆవిడ పేరేంటండీ? ఏంటి ప్రాబ్లం?" అంది.

"ఆవిడ్నే అడగండి" అంది శ్రీదుర్గ.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నేను ఎడమచెయ్యి తీసి కౌంటరు బల్ల మీద పెట్టాను, వణుకుతుంటే వణకనిచ్చాను, పేరు చెప్పాను, ఏమైందో చెప్పాను.